చల్లని ఇంటి ఖర్చు ఎవరిది? హైదరాబాద్‌లో ఇంధన పొదుపు గృహాలకు ప్రోత్సాహకాల చరిత్ర

పరిచయం

ఫ్రిజ్ కొనడానికి దుకాణానికి వెళ్లినవాళ్లు దాని తలుపు మీద ఉన్న నక్షత్రాలు లెక్కపెట్టుకుంటారు. అదే కుటుంబం జీవితకాలపు సంపాదన పెట్టి ఫ్లాటు కొనేటప్పుడు వాస్తు అడుగుతుంది, మంజీరా నీళ్లు వస్తాయా అని అడుగుతుంది, కారు పార్కింగ్ ఎక్కడో చూపించమంటుంది. పడమటి గోడ ఎంత వేడెక్కుతుందని మాత్రం అడగదు. ఆ ప్రశ్న మే నెలలో, ఏసీ బిల్లు వచ్చిన రోజున గుర్తుకొస్తుంది. అప్పటికి బిల్డరు మరో స్థలంలో పునాదులు తవ్విస్తూ ఉంటాడు.

ఈ పాఠంలోని సమస్య అంతా ఈ చిన్న దృశ్యంలో ఉంది. గోడకు మంచి ఇటుక, కిటికీకి నీడ, పైకప్పుకు వేడిని అడ్డుకునే పొర వేయాలంటే ఖర్చు పెట్టవలసినవాడు బిల్డరు. దానివల్ల ప్రతి నెలా మిగిలే డబ్బు మాత్రం ఇంట్లో ఉండేవాళ్లది. పెట్టుబడి ఒకరిది, ఫలితం మరొకరిది అయినప్పుడు మార్కెట్ దానంతట అది మంచి ఇల్లు కట్టదు. అర్థశాస్త్రంలో దీన్ని ప్రోత్సాహకం చీలిపోవడం అంటారు. ఈ చీలికను పూడ్చడానికే ప్రభుత్వాలు బిల్డరుకు పన్ను రాయితీ, అదనపు నిర్మాణ హక్కు, తక్కువ ఫీజు, త్వరిత అనుమతి వంటివి ఇస్తూ వచ్చాయి.

దేశంలో గ్రీన్ బిల్డింగ్ ఉద్యమానికి పుట్టినిల్లు హైదరాబాద్. ఇళ్లు కట్టే బిల్డరుకు ఆ ఉద్యమం చూపించగలిగిన ఆశ మాత్రం ఇక్కడే బలహీనంగా మిగిలింది. అలా ఎందుకు జరిగిందో చూడటానికి బంజారా హిల్స్ నుంచి మొదలుపెడదాం.

కొండ మీది పాత ఇళ్లు

1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే పని చేపట్టింది. ఆ కాలంలో నేటి బంజారా హిల్స్ ఊరికి బయట ఉన్న రాతి గుట్టలు. లంబాడాలు పశువులతో తిరిగిన నేల కాబట్టి ఆ పేరు వచ్చింది. 1930ల నాటికి అక్కడ ఇల్లు కట్టుకుని ఇతరులనూ రమ్మని పిలిచినవాడు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసిన ఆయన తర్వాతి కాలంలో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరు అయ్యారు. తన 'బంజారా భవన్'ను ఆయన బండలను పగలగొట్టకుండా వాటి మధ్యనే, వాటినే గోడలుగా చేసుకుని కట్టించుకున్నారు.

దాన్ని ఒక నవాబు సరదాగా మాత్రమే చూడకూడదు. మందమైన రాయి పగటి వేడిని మెల్లగా తీసుకుని మెల్లగా వదులుతుంది. ఆ కాలపు ఇళ్లలో డంగు సున్నంతో కట్టిన లావు గోడలు, ఎత్తైన కప్పులు, చుట్టూ వరండాలు, వేసవిలో కిటికీలకు తడిపి కట్టే వట్టివేళ్ల తడికలు ఉండేవి. డాబాకు ఏటా సున్నం కొట్టించేవారు. అవన్నీ ఉన్నవాళ్ల ఇళ్లే అనుకోండి, కానీ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. ఆ ఇంటిని కట్టించినవాడే అందులో ఉండేవాడు. మందపాటి గోడకు ఎక్కువ పెట్టాల్సి వచ్చినా దాని చల్లదనం తనకూ తన పిల్లలకూ దక్కేది. అప్పట్లో ప్రోత్సాహకం చీలలేదు కనుక ప్రభుత్వం రాయితీ ఇవ్వవలసిన అవసరమూ రాలేదు.

ఆ బంగళాల స్థలాలు డెవలప్‌మెంటుకు వెళ్లడంతో లెక్క మారింది. స్థలయజమానికి సగం ఫ్లాట్లు, బిల్డరుకు సగం. బిల్డరు తన వాటాను ఎస్‌ఎఫ్‌టీ లెక్కన అమ్ముకుంటాడు. తొమ్మిది అంగుళాల గోడకు బదులు నాలుగున్నర అంగుళాల గోడ కడితే లోపల చోటు పెరుగుతుంది, వరండా తీసేస్తే గది పెద్దదవుతుంది. ధర చోటుకే పలుకుతుంది, చల్లదనానికి పలకదు. పంజాగుట్ట, అమీర్‌పేట అపార్ట్‌మెంట్లలో పడమటి ముఖపు పడకగదిలో ఒక్క వేసవి గడిపినవారికి దీని మీద వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

2001-2004: ఉద్యమం పుట్టిన ఊరు

భారత పరిశ్రమల సమాఖ్య 2001లో నెలకొల్పిన ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్‌కు కేంద్రం హైదరాబాదే. అదే సంవత్సరం పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని కింద 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం హైటెక్ సిటీ దగ్గర సీఐఐ-సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరును ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సీఐఐ, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషన్, అమెరికా సహాయ సంస్థ యూఎస్ ఎయిడ్ కలిసి చేసిన పని అది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. గాలిని చల్లబరిచి లోపలికి పంపే గాలి గోపురాలు, పైకప్పు మీద మొక్కలు, మధ్యలో ముంగిలి ఉన్న ఆ భవనానికి లీడ్ ప్లాటినం గుర్తింపు వచ్చింది. అమెరికా వెలుపల ఆ గుర్తింపు పొందిన మొదటి భవనం అదే.

అయితే ఆ భవనం కట్టినవారే అందులో పనిచేస్తున్నారు, వారికి కరెంటు బిల్లు తమదే. తర్వాత గ్రీన్ గుర్తింపు కోసం వచ్చిన ఐటీ సంస్థల ప్రాంగణాలూ చాలావరకు అలాంటివే. బంజారా హిల్స్ బంగళా యజమానికీ ఐటీ కంపెనీకీ ఈ ఒక్క విషయంలో పోలిక ఉంది. 2008-09 ప్రాంతంలో కౌన్సిల్ ఇళ్ల కోసం గ్రీన్ హోమ్స్ రేటింగు తెచ్చింది. అమ్మడానికే కట్టే ఇల్లు మొదటిసారి ఈ చట్రంలోకి వచ్చింది. బిల్డరు ఎందుకు ముందుకు రావాలన్న ప్రశ్న కూడా దానితోనే వచ్చింది.

జీవో 86: ముందే పంచేసిన బహుమతి

ఈ ప్రశ్నకు మన దేశంలో చాలా రాష్ట్రాలు ఇచ్చిన జవాబు ఎఫ్‌ఎస్‌ఐ. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు నిర్మించవచ్చో చెప్పే అంకె ఇది. 1,000 చదరపు మీటర్ల స్థలంలో ఎఫ్‌ఎస్‌ఐ 2 అయితే అన్ని అంతస్తులూ కలిపి 2,000 చదరపు మీటర్లు కట్టవచ్చు. గ్రీన్ రేటింగు తెచ్చుకున్న బిల్డరుకు ఈ పరిమితిపై కొంత అదనంగా ఇస్తారు. మహారాష్ట్ర 2020 నాటి ఏకీకృత నిబంధనల్లో రేటింగు స్థాయిని బట్టి 3, 5, 7 శాతం అదనపు ఎఫ్‌ఎస్‌ఐ ఉంది. పశ్చిమ బెంగాల్ 10 శాతం వరకు ఇచ్చింది. నోయిడాలో, పంజాబ్‌లో 5 శాతం.

దీని బలం ఎంతో లెక్క వేసి చూడండి. 20,000 చదరపు మీటర్ల ప్రాజెక్టుకు 7 శాతం అంటే 1,400 చదరపు మీటర్లు. చదరపు అడుగుల్లో 15,000కు పైన. స్థలం ఖర్చు లేకుండా వచ్చిన అమ్మకపు చోటు అది. ఖజానా నుంచి ఒక్క రూపాయి కదలకుండా బిల్డరు చేతికే నేరుగా చేరే ప్రోత్సాహకం ఇంతకంటే మరొకటి లేదు.

హైదరాబాద్ ఈ పని చేయలేకపోయింది. 2006 మార్చి 3న వచ్చిన జీవో ఎంఎస్ నంబర్ 86, అంటే హైదరాబాద్ సవరించిన భవన నిబంధనలు, ఎఫ్‌ఎస్‌ఐ పరిమితినే తీసేసింది. ఎదుట ఉన్న రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ వదిలిన ఖాళీ ఎంత అనే వాటిని బట్టి భవనం ఎత్తు నిర్ణయమవుతుంది. ఎత్తైన భవనాల నుంచి నగర స్థాయి మౌలిక వసతుల ప్రభావ రుసుము వసూలు చేస్తారు. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ఈ పద్ధతిని రాష్ట్రమంతటికీ కొనసాగించింది.

ఈ నిర్ణయానికి సమర్థకులూ విమర్శకులూ ఇద్దరూ ఉన్నారు. ఇళ్ల సరఫరా పెరిగిందని ఒకరు, రోడ్లూ డ్రైనేజీ తట్టుకోలేకపోయాయని మరొకరు అంటారు. ఆ చర్చ ఈ పాఠానికి చెందదు. ఇక్కడ మనకు కావలసింది ఒకే ఫలితం. పరిమితి ఉన్నచోట దాన్ని కొంచెం సడలించడం బహుమతి అవుతుంది. పరిమితే లేనిచోట 7 శాతం అదనం అన్న మాటకు అర్థం ఉండదు. పుణెలో గ్రీన్ బిల్డరు సంపాదించుకోవలసిన దాన్ని హైదరాబాద్‌లో 2006లోనే మంచి ఇల్లు కట్టినవాడికీ, అద్దాల పెట్టె కట్టినవాడికీ సమానంగా ఇచ్చేశారు. ఇంధన పొదుపు ఆలోచన ఇళ్ల దాకా రాకముందే దానికి ఉపయోగపడగల ప్రధాన సాధనం చేజారిపోయింది. జీవో రాసినవారు దీన్ని కోరి చేశారని అనడం అన్యాయం. అప్పటికి ఇళ్ల రేటింగే లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ పట్టణంలో భవన నిబంధనలు ఎత్తును దేన్నిబట్టి నిర్ణయిస్తున్నాయి? ఎఫ్‌ఎస్‌ఐ అమలులో ఉందా? మీ మునిసిపల్ కార్యాలయంలో అడిగి తెలుసుకుని పది వాక్యాల్లో రాయండి.

మిగిలిన రాయితీలు ఎవరికి చేరాయి?

ఆ నిబంధనల్లోనే మరో దిక్కున కొన్ని ప్రోత్సాహకాలు ఉన్నాయి. సౌర వేడినీటి, దీపాల ఏర్పాటు చేసుకుని వాడుతున్న ఇంటికి ఆస్తిపన్నులో 10 శాతం రాయితీ. వాడిన నీటిని శుద్ధి చేసి తిరిగి వాడుతూ, వాననీటిని ఇంకించే నిర్మాణాలూ పెట్టుకుంటే మరో 10 శాతం. తప్పనిసరి కంటే ఎక్కువ ఖాళీ చుట్టూ వదిలినవారికీ రాయితీ ఉంది. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు భవనాల మధ్య దూరం పెరిగితే గాలి ఆడుతుంది, ఎదురింటి గోడ వదిలే వేడి తగ్గుతుంది.

కానీ ఆస్తిపన్ను కట్టేది ఎవరు? ఫ్లాటు కొన్నవారు. బిల్డరు ఇళ్లు అప్పగించిన తర్వాత ఏటా వచ్చే లాభం ఇది. కాబట్టి చీలిక పూడలేదు, ఫలితం ఉన్న వైపే మరికొంత ఫలితం చేరింది. పైగా ఏప్రిల్‌లో పన్ను మొత్తం కడితే వచ్చే 5 శాతం 'ఎర్లీ బర్డ్' రాయితీ గురించి నగరంలో అందరికీ తెలుసు. సోలార్‌కు 10 శాతం ఉందని నేను చెప్పినప్పుడు ఆశ్చర్యపోయిన అపార్ట్‌మెంట్ సంఘాల కార్యదర్శులే ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ శాఖ ఇచ్చిన రాయితీ దీనికంటే బిల్డరుకు దగ్గరగా వచ్చింది. గ్రీన్ రేటింగు ఉన్న భవనానికి అనుమతి ఫీజులో 20 శాతం తగ్గింపు ఉంది. ఆ ఆస్తిని మూడేళ్లలోపు అమ్మితే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపించిన మీదట ఆస్తి బదిలీ సుంకంలో ఒకసారికి 20 శాతం తగ్గింపు ఉంది. మొదటిది బిల్డరు జేబులో మిగులుతుంది. రెండోది కొనుగోలుదారుకు దక్కినా, "మా ఫ్లాటుకు రిజిస్ట్రేషన్ ఖర్చు తక్కువ" అని బిల్డరు చెప్పుకోగలడు. అంటే రాయితీ అమ్మకానికి పనికొచ్చింది. మూడేళ్ల గడువు పెట్టడంలోనే ఇది అమ్మడానికి కట్టే ఇంటికి ఉద్దేశించినదని తెలుస్తోంది. అయితే ఒక ప్రాజెక్టు మొత్తం వ్యయంలో అనుమతి ఫీజు వాటా ఎంత అని అడిగితే ఈ ఏర్పాటు బలహీనత కూడా బయటపడుతుంది.

బ్యాంకుల దారి మరొకటి. జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ 2010లో మన నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు 5 కోట్ల యూరోల రుణసహాయం ఇచ్చింది. కొత్తగా కట్టే ఇంధన పొదుపు ఇళ్లకు అప్పు ఇచ్చిన సంస్థలకు ఆ నిధి నుంచి రీఫైనాన్స్ చేస్తారు. ఇల్లు నిజంగా పొదుపు చేస్తుందో లేదో లెక్కకట్టే పద్ధతిని ఢిల్లీలోని టెరి, జర్మనీ ఫ్రాన్‌హోఫర్ సంస్థ కలిసి తయారుచేశాయి. ఫ్రాన్స్ అభివృద్ధి సంస్థ కూడా 2017లో ఇదే బ్యాంకు ద్వారా సన్‌రెఫ్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇవన్నీ మంచి పథకాలే. అయితే గృహరుణం తీసుకునేది కొనుగోలుదారు. వడ్డీలో కలిగే మేలు బిల్డరును చేరాలంటే కొనేవాడు అలాంటి ఇంటినే వెతుక్కుంటూ రావాలి.

నేరుగా బిల్డరుకే ఇచ్చిన పన్ను రాయితీ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ 2005 ఇంధన విధాన చట్టం 45ఎల్ అనే సెక్షన్ తెచ్చింది. గదులను వేడిచేయడానికి, చల్లబరచడానికి అయ్యే ఇంధనంలో 50 శాతం ఆదా చూపించే కొత్త ఇంటికి, కట్టిన కాంట్రాక్టరుకే 2,000 డాలర్ల పన్ను మినహాయింపు దొరికేది. 2022లో దాన్ని గరిష్ఠంగా 5,000 డాలర్లకు పెంచారు. 2025లో చేసిన చట్టం 2026 జూన్ 30తో దానికి గడువు పెట్టింది. మధ్యలో అది ఎన్నోసార్లు ముగియడం, మళ్లీ వెనకటి తేదీ నుంచి పొడిగించడం జరిగింది. రెండేళ్ల ముందు ప్లాను గీసుకునే బిల్డరు ఉంటుందో ఊడుతుందో తెలియని రాయితీని నమ్ముకుని గోడ మందం మార్చడు. కట్టాలనుకున్నది కట్టి, తర్వాత రాయితీ వస్తే తీసుకుంటాడు.

నియమావళి దారి

డబ్బు ఆశ పెట్టలేని చోట మిగిలేది నిబంధన. 2007లో కేంద్రం వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు భవన నియమావళి, అంటే ఈసీబీసీ ప్రకటించింది. రాష్ట్రం తన భవన నిబంధనల్లో చేర్చుకుంటేనే అది అమలవుతుంది. 2014 జనవరిలో, విభజనకు కొద్ది నెలల ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పని చేసింది. 1,000 చదరపు మీటర్ల స్థలం లేదా 2,000 చదరపు మీటర్ల నిర్మాణం దాటిన వాణిజ్య భవనాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఈ కసరత్తులో ప్రభుత్వానికి తోడ్పడిన సంస్థల్లో ఒకటి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్. రాజ్‌భవన్ రోడ్డులోని బెల్లా విస్టా దాని ప్రధాన ప్రాంగణం, పంజాగుట్ట నుంచి నాగార్జున సర్కిల్ దాటి బంజారా హిల్స్ రోడ్ నంబర్ 3 ఎక్కితే రెండోది కనిపిస్తుంది. బెల్లా విస్టా ఒకప్పుడు బేరార్ యువరాజు నివాసం. లావు గోడలు, ఎత్తు కప్పులు ఉన్న ఒక పాత భవనంలోని సంస్థ కొత్త భవనాలకు వేడి లెక్కలు రాయడంలో పాలుపంచుకుందన్నమాట.

ఇళ్లు ఆ నియమావళి బయటే ఉండిపోయాయి. 2018 డిసెంబర్ 14న కేంద్రం 'ఎకో నివాస్ సంహిత' విడుదల చేసేదాకా ఇళ్లకు ప్రత్యేక నియమావళి లేదు. ఇందులో రెండు అంకెలు గుర్తుంచుకోదగినవి. గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే సగటు వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు. దీన్ని ఆర్‌ఈటీవీ అంటారు. పైకప్పు వేడిని లోపలికి వదిలే విలువ 1.2 మించకూడదు. మనం మామూలుగా వేసే ఆరు అంగుళాల కాంక్రీటు శ్లాబుకు పైన ఏ పొరా లేకపోతే దాని విలువ ఇందుకు రెండు రెట్లకు పైనే ఉంటుంది. హైదరాబాద్ వంటి మిశ్రమ వాతావరణ నగరాల్లో తెరుచుకునే కిటికీల వైశాల్యం ఇంటి కార్పెట్ వైశాల్యంలో కనీసం 12.5 శాతం ఉండాలని కూడా సంహిత చెప్పింది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు దాటిన నివాస సముదాయాలను చట్టం పరిధిలోకి తెచ్చారు.

నిబంధన పాటించినవాడికి త్వరగా అనుమతి ఇస్తామనడం కొన్నిచోట్ల ప్రోత్సాహకంగా పనిచేసింది. అప్పు తెచ్చి స్థలం కొన్న బిల్డరుకు ప్రతి నెలా వడ్డీ పెరుగుతుంది కాబట్టి సమయమే డబ్బు. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే, పెద్ద భవనాలకు 21 రోజుల్లో అనుమతి వచ్చేలా చేసింది. దరఖాస్తు పట్టుకుని సర్కిల్ ఆఫీసు చుట్టూ తిరిగిన తరానికి ఇది గొప్ప ఊరట. కానీ ఎఫ్‌ఎస్‌ఐ కథే ఇక్కడా జరిగింది. అందరికీ 21 రోజులే అయినప్పుడు గ్రీన్ బిల్డరుకు ప్రత్యేకంగా ఇవ్వడానికి వేగం కూడా మిగల్లేదు.

బిల్డరు మీద మున్సిపాలిటీకి ఉన్న గట్టి పట్టు ఇంకొకటి ఉంది. నిర్ణీత పరిమాణం దాటిన భవనాల్లో కట్టుబడి విస్తీర్ణంలో 10 శాతాన్ని ముందే మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. భవనం ప్లాను ప్రకారం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే ఆ ఫ్లాట్లు అమ్ముకోవడానికి విడుదలవుతాయి. సెట్‌బ్యాకుల ఉల్లంఘన ఆపడానికి పెట్టిన నియమం ఇది. బిల్డరు లాభంలో పెద్ద భాగం తరచుగా ఈ 10 శాతంలోనే ఇరుక్కుని ఉంటుంది. కాబట్టి ఈ సర్టిఫికెట్‌కు ఏ షరతు ముడిపెడితే ఆ షరతు నెరవేరుతుంది.

2023: పైకప్పు దగ్గరికి

2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన కూల్ రూఫ్ విధానం సరిగ్గా ఆ ముడి వేసింది. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం ఇదే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని ఇళ్లకూ ఎండను తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు అది షరతు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు, అందులో 200 హైదరాబాద్‌లోనే కావాలన్నది లక్ష్యం. ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని అంచనా వేశారు.

దీనికి వెనక నగరంలోనే జరిగిన కొలతలు ఉన్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలిసి ఇక్కడి ఏసీ భవనాలపై చేసిన అధ్యయనంలో, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏటా 13-14 యూనిట్ల కరెంటు మిగులుతుందని అంచనా వచ్చింది. నెలకు 400 యూనిట్లు దాటిన ఇంటికి యూనిట్ రూ.9.50 లెక్కన అది 120 రూపాయల పైమాట. 300 రూపాయల ఖర్చు మూడేళ్లలోపే తిరిగొస్తుందన్నమాట. అయితే అవి పగలంతా ఏసీ నడిచే వాణిజ్య భవనాలు. రాత్రి మాత్రమే ఏసీ వేసుకునే ఇంట్లో ఆదా అంతకంటే తక్కువ, తిరిగొచ్చే కాలం ఎక్కువ.

అపార్ట్‌మెంటులో ఇంకో మెలిక ఉంది. డాబా అందరి ఉమ్మడి ఆస్తి, పూత ఖర్చు సంఘం నిధి నుంచి రావాలి. చల్లదనం మాత్రం ఐదో అంతస్తు వాళ్లకే తెలుస్తుంది. మొదటి అంతస్తు ఆయన సమావేశంలో చెయ్యి ఎత్తడు. బిల్డరుకూ నివాసికీ మధ్య ఉన్న చీలిక ఇప్పుడు నివాసులకూ నివాసులకూ మధ్యకు వచ్చింది. కొత్త భవనాల్లో పూతను సర్టిఫికెట్‌కు ముందే బిల్డరు చేత వేయించడం వల్ల ఈ పేచీ కనీసం మొదటిసారికి తప్పుతుంది. పూత మాసిపోయి మళ్లీ వేయవలసి వచ్చినప్పుడు సమావేశం తప్పదు.

600 గజాల గీతకు అవతల ఏముందో కూడా చూడాలి. బంజారా హిల్స్ అంటే బంగళాలు మాత్రమే కాదు. నంది నగర్, ఎన్‌బీటీ నగర్ వంటి బస్తీల్లో యాభై, అరవై గజాల ఇళ్లు ఉన్నాయి. కొన్నింటికి శ్లాబు, కొన్నింటికి రేకులు. మధ్యాహ్నం రేకుల కింద కూర్చోవడం సాధ్యం కాదు. 2017లో స్టాఫ్ కాలేజ్, ట్రిపుల్ ఐటీ, ఎన్‌ఆర్‌డీసీ, జీహెచ్‌ఎంసీ కలిసి నగరంలో 25 పేద ఇళ్ల కప్పులపై ఎండను తిప్పికొట్టే పొర పరిచి చూసినప్పుడు లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది.

ఈ ఇళ్లలో కట్టినవాడూ ఉండేవాడూ ఒకడే. మెహదీ నవాజ్ జంగ్ ఇంట్లోలాగే ఖర్చూ ఫలితమూ ఒకే చోట ఉన్నాయి. అయినా పని జరగదు. 40 చదరపు మీటర్ల కప్పుకు 300 చొప్పున 12,000 రూపాయలు ముందుగా ఒక్కసారే కావాలి. ఏసీ లేని ఇంట్లో కరెంటు బిల్లు తగ్గి ఆ డబ్బు తిరిగి రాదు, ఒంటికి తగిలే వేడి మాత్రమే తగ్గుతుంది. 2023 విధానం ఈ ఇళ్లకు కూల్ రూఫ్‌ను ఐచ్ఛికంగా వదిలేసింది. ఇక్కడ తనఖా పెట్టించుకోవడానికి 10 శాతం లేదు, ఆపి ఉంచడానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టూ లేదు.